విదేశీ స్మారక నాణేలు: తూగే లోహమెంత, ముచ్చట ఖరీదెంత?

(మా వాణిజ్య విలేఖరి)

విదేశాలు వెళ్ళివచ్చేవారి పెట్టెలలో ఒకప్పుడు గడియారాలు, టేప్ రికార్డర్లు, సెంటు సీసాలు కనిపించేవి. ఇప్పుడు వాటి స్థానంలో మఖమల్ డబ్బాలలో అమర్చిన బంగారు, వెండి నాణేలు వస్తున్నాయి. ఒలింపిక్ క్రీడలు, రాజుల పట్టాభిషేకాలు, దేశాల స్వాతంత్య్ర వార్షికోత్సవాలు వంటి సందర్భాలకు ఆయా దేశాల టంకశాలలు ముద్రించే ఈ స్మారక నాణేలు చూడముచ్చటగా ఉంటాయి. అమెరికాలోను, గల్ఫ్‌లోను, సింగపూర్‌లోను ఉంటున్న తెలుగువారు స్వస్థలాలకు వచ్చేటప్పుడు వీటిని కానుకగా తెస్తున్నారు. వ్యాపారం మీద వెళ్ళిన వర్తకులు కూడా ‘ఎలాగూ బంగారమే గదా’ అని ఒకటి రెండు కొంటున్నారు.

చిక్కు వచ్చేది అమ్మబోయినప్పుడే. కొన్నవారు రసీదు చూపిస్తారు. బులియన్ వర్తకుడు త్రాసు చూపిస్తాడు. ఈ రెండింటికీ మధ్య తేడా కొన్ని నాణేలలో అయిదారు శాతం ఉంటే, మరికొన్నింటిలో సగానికి సగం ఉంటుంది. ఇందులో వర్తకుని మోసం ఏమీ లేదు. విదేశంలో కొన్న నాణెం ఖరీదులో లోహం పాలు మాత్రమే కొన్నవారితో ఇంటికి వస్తుంది. తక్కినదంతా అమ్మిన దేశంలోనే ఉండిపోతుంది. లోహం పాలు ఎంతో కొనకముందే లెక్క కట్టడం ఎలాగో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నాణేలలో మూడు తెగలు

విదేశీ అంగళ్ళలో అమ్మే బంగారు, వెండి బిళ్లలన్నీ ఒక్కటి కావు. మొదటి తెగ బులియన్ నాణేలు. దక్షిణాఫ్రికా 1967లో ప్రారంభించిన క్రుగెర్‌రాండ్, కెనడా 1979లో తెచ్చిన మేపుల్ లీఫ్, చైనా 1982లో మొదలుపెట్టిన పాండా, అమెరికా 1986లో విడుదల చేసిన ఈగిల్, బ్రిటన్ 1987లో ప్రారంభించిన బ్రిటానియా ఈ తెగలోవి. లోహం ధర మీద స్వల్పంగా అదనం వేసుకుని వీటిని అమ్ముతారు. లోహం ధర పెరిగితే ఇవి పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి. ఒక్కమాటలో, నాణెం రూపంలో ఉన్న బంగారపు కడ్డీ అనుకోవచ్చు.

రెండవ తెగ స్మారక నాణేలు. వీటిలో ఎక్కువ భాగం ‘ప్రూఫ్’ పద్ధతిలో, అద్దంలా మెరిసే నేల మీద బొమ్మ పొగరుగా కనిపించేటట్లు ముద్రిస్తారు. సంఖ్య పరిమితమని ప్రకటిస్తారు. డబ్బా, ధ్రువపత్రం కూడా ఇస్తారు. వీటి ధరను టంకశాల నిర్ణయిస్తుంది. ఆ ధరలో లోహంతో పాటు పనితనం, ప్యాకింగు, ప్రచారం, లాభం, అపురూపం అన్న ఆశ అన్నీ కలిసి ఉంటాయి.

మూడవ తెగ పతకాలు. ప్రైవేటు కంపెనీలు ముద్రించే ఈ బిళ్లలు చూడడానికి నాణేల్లాగే ఉన్నా వీటికి ముఖ విలువ లేదు, ఏ దేశంలోను చెల్లుబాటు కావు. క్రుగెర్‌రాండ్ మీద కూడా ముఖ విలువ ఉండదు. కాని అది దక్షిణాఫ్రికా చట్టం ప్రకారం చెల్లుబాటయ్యే నాణెం. కనుక అంకె ఉన్నదా లేదా అని మాత్రమే చూసి నాణెమో పతకమో తేల్చకూడదు. ఏ టంకశాల ముద్రించింది, ఏ ప్రభుత్వం విడుదల చేసింది అన్నది విచారించాలి.

మాంట్రియల్ నేర్పే పాఠం

సైజును, ముఖ విలువను చూసి బంగారాన్ని అంచనా వేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి 1976 మాంట్రియల్ ఒలింపిక్ నాణేలను మించిన ఉదాహరణ లేదు. ఆ ఏడాది కెనడా 100 డాలర్ల బంగారు నాణేన్ని రెండు రకాలుగా విడుదల చేసింది. రెండింటి మీద ముఖ విలువ 100 డాలర్లే. ఒకటి 27 మిల్లీమీటర్ల వెడల్పు, రెండవది 25 మిల్లీమీటర్లు. పక్కపక్కన పెడితే ఎవరైనా పెద్దదానికే చెయ్యి చాపుతారు.

కాని పెద్ద నాణెం 14 కారట్లది. దాని తూకం 13.34 గ్రాములు, అందులో మేలిమి బంగారం పావు ఔన్సు మాత్రమే. చిన్నదిగా కనిపించే ప్రూఫ్ నాణెం 22 కారట్లది. తూకం 16.97 గ్రాములు, అందులో మేలిమి అర ఔన్సు. చిన్న నాణెంలో ఉన్న బంగారంలో సగమే పెద్ద నాణెంలో ఉన్నది. ఈ రెండూ నేటికీ పాత నాణేల అంగళ్ళలో తిరుగుతున్నాయి. వన్నె అడగకుండా కొన్నవారు సగం సరుకుకు పూర్తి ధర చెల్లించే ప్రమాదం ఉన్నది.

అదే ఒలింపిక్స్ కోసం 1973 నుంచి 1976 వరకు కెనడా 28 రకాల వెండి నాణేలు ముద్రించింది. 10 డాలర్ల నాణెంలో 1.4454 ఔన్సుల వెండి, 5 డాలర్ల నాణెంలో సరిగా అందులో సగం. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 అమెరికన్ డాలర్ల దరిదాపులకు ఎగబాకినప్పుడు 10 డాలర్ల నాణెంలోని లోహమే 70 డాలర్లు దాటింది. అదే ఏడాది మార్చి 27న వెండి 11 డాలర్ల లోపుకు కూలినప్పుడు ఆ లోహం విలువ 16 డాలర్ల లోపుకు దిగింది. నాణెం మీద బొమ్మ మారలేదు, అంకె మారలేదు. విలువను నడిపించింది లోహమే.

జర్మనీ ఉదాహరణ మరొకటి. ఆ దేశపు 10 యూరోల స్మారక నాణెం 2010 వరకు 92.5 శాతం వన్నె గల 18 గ్రాముల వెండితో ఉండేది. వెండి ధర పెరగడంతో 2011లో ప్రూఫ్ నాణేన్ని 62.5 శాతం వన్నెకు, 16 గ్రాములకు తగ్గించారు. మామూలు ముద్రణను వెండి నుంచి రాగి, నికెల్ మిశ్రమానికి మార్చారు. ముఖ విలువ మాత్రం అదే 10 యూరోలు. పేరు చూసి కాక సంవత్సరం చూసి కొనాలనడానికి ఇదే కారణం.

తూకంలో తికమక

విదేశాలలో బంగారం ఔన్సు లెక్కన నడుస్తుంది. ఇది కిరాణా ఔన్సు కాదు, ట్రాయ్ ఔన్సు. దీని తూకం 31.1035 గ్రాములు. పాత తులం 11.66 గ్రాములు. మన జిల్లాలలో కాసు అంటే 8 గ్రాములు. బ్రిటిష్ సవరను తూకం 7.988 గ్రాములు, అంటే కాసుకు రవ్వంత తక్కువ. సవరను 22 కారట్లది కనుక అందులో మేలిమి 7.322 గ్రాములే.

తరచు చేతికి వచ్చే నాణేల వివరాలు ఇలా ఉన్నాయి:

క్రుగెర్‌రాండ్: 22 కారట్లు, మొత్తం తూకం 33.93 గ్రాములు, మేలిమి 31.10 గ్రాములు.

అమెరికన్ ఈగిల్ (ఔన్సు): 22 కారట్లు, మొత్తం తూకం 33.93 గ్రాములు, మేలిమి 31.10 గ్రాములు.

మేపుల్ లీఫ్ (ఔన్సు): మొత్తం తూకం 31.10 గ్రాములు. మొదట 99.9 శాతం, 1982 చివరి నుంచి 99.99 శాతం వన్నె.

బ్రిటానియా (ఔన్సు): 2012 వరకు 22 కారట్లు, 2013 నుంచి 99.99 శాతం.

పాండా (పెద్దది): 2015 వరకు ఔన్సు, 2016 నుంచి 30 గ్రాములు.

అమెరికా స్మారక 5 డాలర్ల బంగారు నాణెం: 90 శాతం వన్నె, మొత్తం తూకం 8.359 గ్రాములు, మేలిమి 7.523 గ్రాములు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. ఈగిల్ 22 కారట్లని వినగానే కొందరు 31.10 గ్రాములలో పన్నెండో పాలు కోసేస్తారు. అప్పుడు అమ్మేవారు 2.59 గ్రాముల బంగారం ఊరికే వదులుకున్నట్లు. రాగి, వెండి కలిపిన మిశ్రమం ఔన్సుకు పైన ఉన్నదే గాని ఔన్సులోంచి తీసినది కాదు. నాణెం 33.93 గ్రాములు తూగిన తర్వాతనే పన్నెండో పాలు తీయాలి. రెండవది పాండా విషయం. కొత్త పాండాను ఔన్సు లెక్కన కొంటే 1.10 గ్రాములు కొన్నవారి నెత్తిన పడుతుంది.

ముఖ విలువ ఎవరికి పనికివస్తుంది?

ముఖ విలువను చూసి ధైర్యపడేవారు జపాన్ ఉదంతం తెలుసుకోవాలి. హిరోహిటో చక్రవర్తి పాలన 60 సంవత్సరాలు నిండిన సందర్భంగా జపాన్ 1986లో లక్ష యెన్‌ల బంగారు నాణెం విడుదల చేసింది. అందులో మేలిమి బంగారం 20 గ్రాములు. నాటి ధరకు ఆ బంగారం 40 వేల యెన్‌లకు కాస్త అటూ ఇటూ. ముద్రించిన నాణేలు కోటి. అంటే ఒక్కొక్క నాణెం మీద సగానికి పైగా ఖజానాకు మిగులు.

ఇంత మిగులు ఉన్నచోట దొంగ ముద్రణకు ఆశపడేవారు లేకపోరు. 1990లో ఐరోపా మీదుగా వచ్చిన లక్షకు పైగా నకిలీ నాణేలు జపాన్‌లో బయటపడ్డాయి. విచిత్రమేమంటే ఆ నకిలీ నాణేలలో బంగారం అసలుదే. తూకంలోను, వన్నెలోను లోటు లేదు. అబద్ధమైనది ముద్ర ఒక్కటే. 40 వేల లోహాన్ని లక్షగా చెలామణి చేయడమే దొంగల లాభం. గీటురాయి మీద నెగ్గిన నాణెం బ్యాంకు కౌంటరులో ఓడిపోయింది.

దీనినుంచి వర్తకులు గ్రహించవలసినది ఒకటున్నది. ముఖ విలువ ఆ దేశపు బ్యాంకులో తిరిగి ఇచ్చేవారికే ఆసరా. విజయవాడలోనో ప్రొద్దుటూరులోనో అమ్మేవారికి అది అంకె మాత్రమే. 2020 నాటికి బంగారం ధర పెరిగి ఆ 20 గ్రాముల లోహమే లక్ష యెన్‌లను దాటిపోయింది. అప్పుడు ముఖ విలువ ఎవరికీ అక్కర లేకపోయింది.

విరాళం కూడా ధరలోనే

అమెరికా స్మారక నాణేలలో ఇంకొక అంశం ఉన్నది. అక్కడ 1982లో స్మారక ముద్రణలు మళ్ళీ మొదలయ్యాయి. ఏ నాణెం అమ్మకం నుంచి ఎంత మొత్తం ఏ సంస్థకు చేరాలో చట్టంలోనే రాస్తారు. 1986లో లిబర్టీ విగ్రహం శతజయంతికి విడుదలైన 5 డాలర్ల బంగారు నాణెం ధరలో 35 డాలర్లు ఆ విగ్రహం, ఎల్లిస్ దీవి మరమ్మతుల నిధికి వెళ్ళింది. మంచి పనే. కాని అది విరాళం. విరాళం ఇచ్చినవారు దానిని నాణెంతో పాటు తిరిగి అమ్ముకోలేరు.

ఆ నాణేలు దాదాపు 5 లక్షలు అమ్ముడుపోయాయి. అంత సరుకు బజారులో ఉన్నప్పుడు అపురూపం అన్న మాటకు చోటు ఎక్కడిది? 1980ల నాటి అమెరికా స్మారక నాణేలలో చాలా భాగం ఇప్పుడు కరుగు విలువ దరిదాపులలోనే చేతులు మారుతున్నాయి. అందుచేత అమెరికాలో కొనదలచినవారు టంకశాల నుంచి కొత్త ముద్రణ కొనడానికి బదులు పాత నాణేల అంగడిలో విచారిస్తే, అవే నాణేలు లోహం ధరకు కొద్ది హెచ్చులో దొరకవచ్చు.

స్మారక నాణేలన్నీ నష్టమే అనడానికి కూడా లేదు. 2019లో బ్రిటన్ రాయల్ మింట్ విడుదల చేసిన ‘ఊనా, సింహం’ నాణేలు ఇందుకు సాక్ష్యం. విలియం వయాన్ 1839లో చెక్కిన రూపాన్ని మళ్ళీ ముద్రించిన ఈ నాణేలు తక్కువ సంఖ్యలో రావడంతో తొలి ధరకు ఎన్నో రెట్లు పలికాయి. కాని ఆ ధర ఇచ్చినవారు సేకర్తలు, అమ్మకం జరిగినది లండన్ వంటి చోట్ల వేలం పాటలలో. ఆ దారి తెలిసి, ఎదురుచూసే ఓపిక ఉన్నవారికే ఆ లాభం. ఊళ్ళో బులియన్ అంగడికి తీసుకువెళ్తే దానికి కూడా త్రాసే గతి.

కొన్నచోట పన్ను

నాణెం ధర మీద ఆ దేశపు పన్ను ఎంత పడుతున్నదో అడగాలి. బ్రిటన్‌లో పెట్టుబడి బంగారంగా గుర్తించిన నాణేలకు 2000 సంవత్సరం నుంచి వ్యాట్ మినహాయింపు ఉన్నది. దానికి నాలుగు షరతులు: 1800 తర్వాత ముద్రించినది కావాలి. వన్నె 90 శాతానికి తగ్గరాదు. తన దేశంలో చెల్లుబాటయ్యే నాణెం, లేదా ఒకప్పుడు చెల్లినది కావాలి. అమ్మే ధర అందులోని బంగారం విలువకన్నా 80 శాతానికి మించి ఎక్కువ కారాదు. ఈ నాలుగవ షరతు గమనించదగ్గది. ఒక నాణెం లోహం విలువకన్నా 80 శాతం పైబడి పలికితే దానిని పెట్టుబడి బంగారంగా మామూలుగా లెక్కించరన్నమాట. కొనేవారు కూడా అదే కొలబద్ద పెట్టుకోవచ్చు.

వెండి నాణేలకు బ్రిటన్‌లో ఈ మినహాయింపు లేదు. 20 శాతం వ్యాట్ ధరలో కలిసే ఉంటుంది. వెనుకటి రోజులలో విమానాశ్రయంలో రసీదు చూపి ఈ పన్ను తిరిగి తీసుకునే వీలుండేది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో పర్యాటకులకు ఆ సదుపాయాన్ని 2021 జనవరి 1న ఎత్తివేశారు. ఆ పన్ను తిరిగి వస్తుందని పాత అనుభవం మీద లెక్క వేసుకునేవారు నష్టపోతారు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2018 జనవరి నుంచి 5 శాతం వ్యాట్ వచ్చింది. పెట్టుబడికి తగిన, 99 శాతం వన్నెకు తగ్గని బంగారం, వెండి మీద ఈ పన్ను సున్నా. కనుక దుబాయిలో మేపుల్ లీఫ్‌కు ఉండే వెసులుబాటు 22 కారట్ల సవరనుకు ఉండదు. సింగపూర్ 2012 అక్టోబరు నుంచి పెట్టుబడి లోహాలకు పన్ను మినహాయించింది. బంగారానికి 99.5 శాతం, వెండికి 99.9 శాతం వన్నె ఉండాలి, నాణెం ఆ ప్రభుత్వపు జాబితాలో ఉండాలి. జాబితాలో లేని స్మారక నాణేలకు పన్ను తప్పదు. అమెరికాలో అమ్మకపు పన్ను రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది.

మన విమానాశ్రయంలో

అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలేది ఇక్కడ. ఏడాదికి పైబడి విదేశాలలో ఉండి తిరిగి వచ్చేవారికి మగవారికైతే 20 గ్రాములు, ఆడవారికైతే 40 గ్రాముల వరకు సుంకం లేకుండా తెచ్చుకునే వెసులుబాటు ఉన్నదని అందరూ విన్నారు. అది ఆభరణాలకే గాని నాణేలకు కాదు. 2016 బాగేజీ నిబంధనల అనుబంధంలో, ఆభరణాలు కాని ఏ రూపంలోని బంగారం, వెండి అయినా మామూలు ఉచిత పరిమితి కిందకు రాదని స్పష్టంగా చేర్చారు. 2 గ్రాముల నాణెమైనా సరే, కానుకగా వచ్చినదైనా సరే, సుంకం వర్తిస్తుంది.

భారత సంతతివారు, భారత పాస్‌పోర్టు గలవారు కనీసం 6 నెలలు విదేశంలో ఉండి వస్తే, కిలో వరకు బంగారం, 10 కిలోల వరకు వెండి తక్కువ సుంకంతో తెచ్చుకోవచ్చు. ఆ సుంకాన్ని విదేశీ మారకంలో చెల్లించాలి. 2024 జులై బడ్జెట్‌లో బంగారం, వెండి మీద సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. 6 నెలలు నిండనివారికి ఈ రేటు వర్తించదు. వారి మీద 2024 నాటి లెక్కన 38.5 శాతం పడుతుంది. పది రోజుల పర్యటనకు వెళ్ళివచ్చే వర్తకుడు ఈ రెండవ జాబితాలోకి వస్తాడు.

ఈ రేట్లు బడ్జెట్‌లలో మారుతుంటాయి. సుంకం కట్టడానికి ఆధారమైన టారిఫ్ విలువను ప్రభుత్వం పక్షానికొకసారి ప్రకటిస్తుంది. ప్రయాణానికి ముందు ఆ రోజు అమలులో ఉన్న రేటు కస్టమ్స్ శాఖ వద్ద తెలుసుకోవాలి. దిగగానే ఎర్ర దారిలో వెళ్ళి నాణేలు ప్రకటించి, రసీదు చూపి, సుంకం కట్టి, ఆ చలానా భద్రపరచాలి. ప్రకటించకుండా ఆకుపచ్చ దారిన నడిస్తే 1962 కస్టమ్స్ చట్టం కింద సరుకు జప్తు అయ్యే ప్రమాదం ఉన్నది. పైన జరిమానా కూడా పడవచ్చు.

ఒక చిన్న లెక్క

ధరలు రోజుకొక తీరుగా ఉంటాయి కనుక, విదేశంలో 100 రూపాయల బంగారం ఉన్న నాణేన్ని ఉదాహరణగా తీసుకుందాం. బులియన్ నాణెం 104కు, స్మారక ప్రూఫ్ నాణెం 160కి కొన్నామని, సుంకం లోహం మీదనే పడిందని అనుకుందాం. మన బజారు ధరలో 6 శాతం సుంకం కలిసే ఉంటుంది గనుక అదే బంగారం ఇక్కడ 106 పలుకుతుంది. వర్తకుడు రెండు రూపాయలు తగ్గించి కొంటే చేతికి వచ్చేది 104.

6 నెలలు ఉండి వచ్చినవారు బులియన్ నాణెం తెస్తే ఖర్చు 110, రాబడి 104. నష్టం 6. బంగారం సుమారు 6 శాతం పెరిగితే అసలు గిట్టుతుంది.

వారే స్మారక నాణెం తెస్తే ఖర్చు 166, రాబడి 104. నష్టం 62. అసలు రావాలంటే బంగారం దాదాపు 60 శాతం పెరగాలి.

పది రోజులకు వెళ్ళివచ్చినవారు బులియన్ నాణెం తెస్తే ఖర్చు 142.50, నష్టం 38.50. బంగారం 37 శాతం పెరగాలి.

వారే స్మారక నాణెం తెస్తే ఖర్చు 198.50, నష్టం 94.50. బంగారం 91 శాతం పెరిగితే గాని అసలు చేతికి రాదు.

ఇదే 100 రూపాయల బంగారాన్ని ఇక్కడే నాణెంగా కొంటే ఎంతవుతుంది? బజారు ధర 106, దాని మీద 2017 జులైలో వచ్చిన 3 శాతం జీఎస్టీ కలిపితే 109.18. ఆపైన తయారీ ఖర్చు కొద్దిగా. అంటే 6 నెలలు విదేశంలో ఉన్నవారికి కూడా నాణెం రూపంలో బంగారం తేవడంలో కలిసివచ్చేది పెద్దగా ఏమీ లేదు. సుంకం 15 శాతం ఉన్న రోజులలో ఉన్న తేడాలు వేరు, ఆ రోజుల మాట విని ఇప్పుడు కొనరాదు. సొంత అంకెలు వేసుకుని ఈ లెక్కనే చూసుకోవచ్చు. వెండి నాణేలలో లోహం విలువ తక్కువ, పనితనం ఖరీదు ఇంచుమించు అంతే కనుక తేడా ఇంకా హెచ్చుగా కనిపిస్తుంది.

ఇంటికి వచ్చాక

స్మారక నాణేనికి లోహంకన్నా ఎక్కువ ధర ఇచ్చేవాడు సేకర్త ఒక్కడే. అతడు చూసేది నాణెం చెక్కుచెదరకుండా ఉన్నదా అన్నదే. మన ఇళ్ళలో వెండి నల్లబడితే చింతపండుతోనో విభూతితోనో తోమడం అలవాటు. ప్రూఫ్ నాణేన్ని ఒక్కసారి తోమితే ఆ మెరుపు నేల మీద గీతలు పడతాయి, అదనంగా ఇచ్చిన ఖరీదు అక్కడితో సరి. కాసుల పేరులో గుచ్చుకోవడానికి కొక్కెం అతికిస్తే అది ఇక నాణెం కాదు, నగ. అప్పుడు అతుకు పెట్టిన లోహానికి తరుగు కూడా తీస్తారు. కాసుల పేరు చేయించదలచినవారికి ఊళ్ళో కంసాలి చేసే కాసులే చవక. నాణెం ఉన్న బిళ్ల, డబ్బా, ధ్రువపత్రం, కొన్న రసీదు, సుంకం చలానా అయిదూ ఒకేచోట ఉంచాలి. వీటిలో ఏది లోపించినా బేరంలో తగ్గింపు అడుగుతారు.

కొనేముందు అడగవలసినవి

విదేశీ అంగడి కౌంటరు ముందు నిలబడినప్పుడు అయిదు ప్రశ్నలు చాలు. ఇందులో మేలిమి ఎన్ని గ్రాములు? ప్రభుత్వ టంకశాల ముద్రణా, ప్రైవేటు పతకమా? ఎన్ని ముద్రించారు? ధరలో పన్ను ఎంత? ఇదే నాణేన్ని రేపు తెస్తే మీరు ఎంతకు తిరిగి కొంటారు? చివరి ప్రశ్నకు వచ్చే జవాబే నాణెం అసలు ధర. బులియన్ నాణెం విషయంలో అంగడివారు వెంటనే అంకె చెబుతారు. స్మారక నాణెం విషయంలో నీళ్ళు నమిలితే, ఆ నమిలినంత మేర ముచ్చట ఖరీదు అని గ్రహించాలి.

ముచ్చట కోసం కొనడం తప్పు కాదు. పిల్ల పుట్టిన ఏడాది ముద్ర ఉన్న నాణెం, తాను చూసిన క్రీడల జ్ఞాపకం ఎవరికైనా ఇష్టమే. కాకపోతే చిట్టా రాసేటప్పుడు ఆ మొత్తాన్ని రెండుగా చీల్చి రాయాలి. లోహం విలువ నిల్వ సరుకు ఖాతాలో, తక్కినది ఇంటి ఖర్చు ఖాతాలో పడాలి. మొత్తాన్ని నిల్వ సరుకు కింద చూపినవారికి అసలు లెక్క త్రాసు ముందు తెలుస్తుంది.